ముకుతాడు లేని సత్తువ

మా చిన్నోడు మొన్న బజారు నుంచి వస్తా ఒక సీసా తెచ్చి నా ముందర పెట్టినాడు. పచ్చటి సీసా, మీద ఆకుల బొమ్మ, కింద పెద్దక్షరాలతో ‘ఇమ్యూనిటీ బూస్టర్’. “నాయనా, పొద్దున్నే రెండు మూతలు తాగు, ఒంట్లో ఇమ్యూనిటీ పెరుగుతుంది” అన్నాడు. “ఎంత పెరుగుతుందిరా? మూరా, జానా, బెత్తెడా?” అని అడిగినాను. వాడు నావైపు జాలిగా చూసి, ఫోను చెవిన పెట్టుకుని మిద్దె మీదికి పోయినాడు.

నేనడిగింది ఎగతాళికి కాదు. ముప్పై ఆరేళ్ళు ఇమ్యూనిటీని స్కేలు పెట్టి కొలిచినోణ్ణి నేను. 1968లో బీసీజీ టెక్నీషియన్‌గా చేరినాను, 2004లో దిగినాను. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా, పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కుప్పం దాకా, సైకిలు పోయే దారుల్లో సైకిలు మీద, పోని దారుల్లో సైకిలు నా మీద. పల్లెల్లో ఎవరికీ నా పేరు తెలీదు, ‘టీకాలాయన’ అనేవాళ్ళు. ఇంకా పిలుస్తారు, ఆ కాలం వాళ్ళు మిగిలి ఉంటే.

మా సరంజామా చెబితే ఇప్పటి పిల్లోళ్ళు నవ్వుతారు. ఒక స్టీలు డబ్బా, అందులో గాజు సిరంజీలు, ఇరవై ఆరో నంబరు సూదులు, స్పిరిటు దీపం, ఐసు పోసిన థర్మాస్ ఫ్లాస్కు. బీసీజీ, అదే క్షయ టీకా, ఎండకి చచ్చిపోతుంది గనక నల్లగుడ్డ చుట్టాలి. వేపచెట్టు నీడలో బెంచీ వేయించుకుని కూర్చునేవాళ్ళం. సూది చర్మంలోకి పోవాలి, చర్మం కిందికి పోగూడదు. సరిగ్గా పోతే పప్పుగింజంత బుడ్డ లేస్తుంది, పైన నారింజతొక్క మాదిరి గుంటలు గుంటలుగా కనపడతాది. బుడ్డ లేవకపోతే మందు వృథా అయిందని లెక్క, మా గురువు చేతిలో తిట్లు ఖాయం. ఆయన ఆరోగ్యవరంలో డేనిష్ డాక్టర్ల కింద పనిచేసిన మనిషి. ఒకసారి నేను వరసగా మూడు బుడ్డలు తప్పిస్తే నా చేతిలో సిరంజీ లాక్కుని, సాయంత్రం దాకా వంకాయల మీద సూది గుచ్చించినాడు. ఇప్పుడు గురువులు అట్లా చేస్తే పేపర్లో పడతారు.

మదనపల్లెకి ఈ విద్య ఎట్లా వచ్చిందో ఎంతమందికి తెలుసు? జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరని తెలుసు. 1919లో ఠాగూరు జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడి బీసెంట్ కాలేజీలోనే అని తెలుసు. టమోటా రేటు గంటకోసారి తెలుసు. ఆరోగ్యవరం అంటే మాత్రం బస్సు ఆగే చోటు అనుకుంటారు. 1915లో అక్కడ యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం తెరిచినారు. దానికి పెద్ద డాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. దక్షిణాదిలో ఎక్కడ ఎవరికి క్షయ పట్టినా మదనపల్లె రోడ్డు స్టేషన్లో మీటరుగేజి బండి దిగి, జట్కా ఎక్కి అక్కడికి రావాల్సిందే. మందు లేని కాలం. గాలి, ఎండ, గుడ్లు, పాలు, పడక. పాత తెలుగు కథల్లో హీరో దగ్గితే గుడ్డ మీద రక్తం, రెండో పేజీలో మదనపల్లె ప్రయాణం.

1948లో మన దేశంలో బీసీజీ పని మొదలుపెట్టిన తొలి చోట్లలో మదనపల్లె ఉంది. క్రిస్టియన్ కొడుకు యోహానెస్ కూడా డాక్టరే. ఆయన 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ మనుషుల్ని పంపి మాంటూ వేయించి, ఎక్స్‌రేలు తీయించి, కొందరికి టీకా ఇచ్చి కొందరికి ఇవ్వకుండా, వాళ్ళల్లో ఎవరికి జబ్బు వచ్చిందో ఏళ్ళ తరబడి లెక్క రాయించినాడు. ఆ లెక్కలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయినాయి. మా రైతుల ముంజేతి వాపులు జెనీవాలో చదివినారన్న మాట. అప్పట్లో వ్యతిరేకులూ తక్కువోళ్ళు కాదు. 1955లో రాజాజీ అంతటాయన బీసీజీ వద్దని గట్టిగా వాదించినాడు. వాదం తప్పో ఒప్పో, ఎదురుగా నిలబడి కాగితం మీద రాసి వాదించినాడు, ఇప్పటి మాదిరి వాట్సప్‌లో ముఖం లేని మెసేజి కాదు.

మాంటూ సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే గొడవంతా దాని మీదే. ముంజేతి లోపలివైపు ట్యూబర్‌క్యులిన్ చుక్క ఎక్కిస్తాం. అది బతికిన క్రిమి కాదు, క్రిమి నుంచి తీసిన ప్రోటీను. ఇంటికి పంపి, నలభై ఎనిమిది నుంచి డెబ్బై రెండు గంటల మధ్య మళ్ళీ చూస్తాం. చూడటమంటే కంటితో కాదు నాయనా, వేలితో. ఎర్రదనం మీద మనకి పని లేదు. చూపుడువేలు కొసతో బయటినుంచి లోపలికి మెల్లగా జరుపుకుంటా వస్తే ఒకచోట మెత్తటి చర్మం ఆగి గట్టిది తగులుతాది. అక్కడ బాల్‌పెన్నుతో గీత. అవతలివైపునుంచి కూడా అట్లాగే ఇంకో గీత. రెండింటి మధ్య ప్లాస్టిక్ స్కేలు అడ్డంగా పెట్టి మిల్లీమీటర్లు రాయాలి. పదీ అంతకు పైనా వస్తే ఈ ఒంట్లోకి క్షయ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పోయిందని, లేదా వచ్చి ఉండిపోయిందని అర్థం.

“ఇప్పుడే చూసి చెప్పగూడదా, మూడు దినాల తర్వాత మళ్ళీ రావాల్నా?” అని పల్లెల్లో ఆడోళ్ళు గొణిగేవాళ్ళు. “వాళ్ళు రావాల గదమ్మా” అనేవాణ్ణి. ఎవరు రావాలో నాకూ తెలీదు. మా గురువు చెప్పమన్న మాట అది.

ఆ ‘వాళ్ళు’ ఎవరో కుప్పంలో మెడిసిన్ చదివే నా మనవరాలు మొన్న సంక్రాంతికి వచ్చి చెప్పింది. టీ కణాలంట. తాగే టీ కాదు, రొమ్ముబొమిక వెనక ఉండే థైమస్ గ్రంథి పేరులో మొదటి అక్షరం. ఆ గ్రంథి దేనికో 1961 దాకా ప్రపంచంలో ఎవరికీ సరిగా తెలీదు. ఆ ఏడు జాక్ మిల్లర్ అనే ఆయన ఎలుక పిల్లల్లో అది తీసేసి చూసి పసిగట్టినాడు. అంటే మదనపల్లెలో మా వాళ్ళు పదేళ్ళుగా స్కేలుతో కొలుస్తా ఉన్న కణాల పుట్టిల్లు ఎక్కడో అప్పుడు తెలిసిందన్న మాట. వాళ్ళు రక్తంలో తిరుగుతా, ఆ ప్రోటీను తెలిసిన మొహంలా అనిపించి ఆగి, తోటివాళ్ళని పిలిచి, గుంపు కట్టేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. నేను వేలితో తడిమింది వాళ్ళ గుంపుని.

“ఆ కణాన్ని లేపేది ఏంది?” అన్నాను.

“రెండు సిగ్నల్స్ కావాల తాతా. ఒకటి యాంటీజెన్. రెండోది కోస్టిములేషన్. సీడీ28 పోయి సీడీ80, సీడీ86లతో కలవాల” అని మొదలుపెట్టింది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. ఇవి పేర్లా, పొలం సర్వే నంబర్లా? మన పెద్దోళ్ళు క్షయకి ‘రాజయక్ష్మ’ అని పేరు పెట్టినారు. జబ్బు అయినా సరే, పేరులో ఒక హుందాతనం ఉంది. వీళ్ళు ఒంట్లో అంత పెద్ద పని చేసే అణువుకి లారీ వెనక నంబరు తగిలించినారు. పాప నవ్వి, “సరే, నువ్వే నీ భాషలో చెప్పు” అంది. చెప్పినాను. మా ఇంటామె పప్పు గుత్తి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి వినింది, కాబట్టి తప్పుంటే ఆమే సాక్షి.

ఒంట్లో ఒక పెళ్ళిళ్ళ పేరయ్య ఉన్నాడు. కొమ్మల మాదిరి చేతులున్న కణం, చర్మం కిందా ఊపిరితిత్తుల్లోనూ కాపలా తిరుగుతా ఉంటాడు. కొత్త క్రిమి కనబడితే దాన్ని మింగి, దాని ముక్క ఒకటి జాతకం మాదిరి చేత పట్టుకుని, గడ్డ కట్టే బిళ్ళల దగ్గరికి, అదే లింఫ్ గ్రంథి దగ్గరికి పోతాడు. అక్కడ లక్షల్లో టీ కణాలు. ఒక్కోదానికి ఒక్కో జాతకమే నప్పుతుంది. నప్పిందనుకోండి, అది మొదటి సిగ్నల్. పెళ్ళి అయిపోయినట్టేనా? కాదు. తాంబూలాలు మార్చుకోవాల. పేరయ్య పళ్ళెం బయటికి తీయాల, ఇది సీడీ80, సీడీ86. రెంటినీ కలిపి బీ7 అంటారంట. టీ కణం చెయ్యి చాపి అందుకోవాల, ఆ చెయ్యి సీడీ28. అప్పుడు గాని కణం లేచి వేలకి వేలు పిల్లలు పెట్టదు.

పేరయ్య పళ్ళెం ఊరికే తీయడు. తను మోసుకొచ్చింది నిజంగా క్రిమిదే, ఒంట్లో ఏదో ప్రమాదం ఉంది అని తనకి నమ్మకం కుదిరితేనే తీస్తాడు. మన సొంత కండ ముక్క చూపించినప్పుడు పళ్ళెం తీయడు. జాతకం కుదిరి తాంబూలం దక్కని టీ కణం ఏం చేస్తుంది? అలుగుతుంది. మళ్ళీ ఎవరు పిలిచినా పలకదు. ఈ అలక సంగతి 1987లో అమెరికాలో జెంకిన్స్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు చూపించినారు. ఆ అలక లేకపోతే మన సైన్యం మన కీళ్ళనే కొరుక్కుతింటుంది. అలక కూడా ఒంటికి మేలు చేసే చోటుందంటే మా ఇంటామె ఒప్పుకోలేదు.

పాప ఇంకోటి చెప్పింది, అది నాకు బాగా నచ్చింది. శుద్ధమైన ప్రోటీను ఒక్కటే ఎక్కిస్తే ఒళ్ళు పెద్దగా పట్టించుకోదని, ఎలుకలకి టీకా పని చేయించాలంటే నూనెలో చచ్చిన క్షయ క్రిములు కలిపి ఇవ్వాలని ఫ్రాయిండ్ అనే ఆయన ఎప్పుడో కనిపెట్టినాడు. ఎందుకో ఎవరికీ తెలీదు, అందరూ కలుపుతా పోయినారు. 1989లో చార్లెస్ జేన్వే అనే ఇమ్యునాలజిస్టు ఇది మన రంగం దాచుకున్న మురికి రహస్యం అని మొహం మీద అన్నాడు. చచ్చిన క్రిమి వాసన తగిలితేనే పేరయ్య పళ్ళెం తీస్తాడని ఆయన మాట. అంటే ఆ రెండో సిగ్నల్ ఎక్కడుందో ప్రపంచానికి నేర్పినవాటిలో మా ఆరోగ్యవరం శత్రువు, క్షయ క్రిమి, కూడా ఒకటి. శవమై కూడా పాఠం చెప్పింది.

ఇప్పుడు ముకుతాడు దగ్గరికొద్దాం. పుంగనూరు ఎద్దు చూసినారా? మూడడుగుల జీవం. ఇప్పుడు దాని జాతిని సిటీల్లో హాల్లో సోఫా పక్కన కట్టేసి ఫోటోలు దిగుతా ఉన్నారు, అది వేరే కథ. చిన్నదైనా ఎద్దు ఎద్దే, ముక్కుకి తాడు లేకపోతే మన మాట వినదు. టీ కణం లేచి పిల్లలు పెట్టి పని మొదలుపెట్టినాక దాని ఒంటి మీద ముకుతాడు మొలుస్తుంది. ఒకటి సీటీఎల్ఏ-4. ఇది సీడీ28కి తోబుట్టువు, అదే తాంబూలం పళ్ళేన్ని ఇంకా గట్టిగా లాక్కుని “చాల్లే” అంటుంది. రెండోది పీడీ-1. 1992లో జపాన్‌లో క్యోటోలో తసుకు హోంజో మనుషులు కనిపెట్టినారు. దాన్ని పట్టుకుని లాగే చెయ్యి పీడీ-ఎల్1. క్యాన్సరు గడ్డ మహా టక్కరి. తన ఒంటి మీద ఆ చేతుల్ని మొలిపించుకుని, కొట్టడానికొచ్చిన టీ కణం ముకుతాడు పట్టి ఆపేస్తుంది.

1996లో అమెరికాలో జేమ్స్ ఆలిసన్ సీటీఎల్ఏ-4కి అడ్డం పెట్టే యాంటీబాడీ ఇచ్చి ఎలుకల్లో గడ్డలు కరిగించినాడు. మందుగా 2011లో బయటికొచ్చింది. పీడీ-1 మందులు 2014లో వచ్చినాయి. 2018లో ఆలిసన్‌కీ హోంజోకీ నోబెల్. అమెరికా మాజీ ప్రెసిడెంటు జిమ్మీ కార్టర్‌కి 2015లో క్యాన్సరు మెదడు దాకా పోతే ఈ పీడీ-1 మందూ రేడియేషనూ ఇచ్చినారు. నూరేళ్ళు నిండించుకుని 2024లో పోయినాడు. ఆయనకి వైద్యం జరిగింది అట్లాంటాలో, ఎమొరీ యూనివర్సిటీలో. అదే యూనివర్సిటీలో మన హైదరాబాదు మనిషి ఉన్నాడు, రఫీ అహ్మద్. ఉస్మానియాలో డిగ్రీ చదివి అమెరికా పోయినాడు. ఎక్కువ కాలం వైరస్‌తో కొట్లాడిన టీ కణాలు చావవు, అలసిపోయి కూలబడతాయి, వాటి ముకుతాడు వదిలిస్తే మళ్ళీ లేస్తాయి అని 2006లో ఆయన బృందమే చూపించింది. 2017లో ఇంకో మాట చేర్చినారు: ముకుతాడు వదిలినా, ఆ పాత తాంబూలం చెయ్యి, సీడీ28, లేకపోతే కణం లేవదు. ఇంత చేసిన మనిషి పేరు మన తెలుగు పిల్లల నోట విన్నారా? సినిమా హీరో మేనల్లుడి పేరు మాత్రం నోటికి వచ్చు.

ఇక అసలు సంగతి. 2006 పరిశోధనా పత్రంలో మొదటి పేరు డేనియల్ బార్బర్ అనే కుర్రాడిది. ఆయన తర్వాత క్షయ మీదికి మళ్ళినాడు. పీడీ-1 లేని ఎలుకలకి క్షయ క్రిమి ఎక్కించి చూసినాడు. ముకుతాడు లేని టీ కణాలు గదా, క్రిమిని చితక్కొడతాయి అని ఎవరైనా అనుకుంటారు. ఎలుకలు మామూలు ఎలుకలకంటే ముందే చచ్చిపోయినాయి. టీ కణాలు ఊపిరితిత్తుల్నే చీల్చేసినాయి. మనుషుల్లో కూడా క్యాన్సరుకి పీడీ-1 మందు తీసుకున్న కొందరికి ఒంట్లో నిద్రపోతున్న క్షయ లేచి కూర్చుంది. మన దేశంలో 2019 నుంచి 2021 దాకా చేసిన సర్వేలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందిలో ఆ క్రిమి జాడ కనబడింది. వాళ్ళల్లో చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. ఒళ్ళు దాని చుట్టూ గోడ కట్టి లోపల పెట్టి తాళం వేసి ఉంటుంది. ఆ గోడ నిలబడేది బలంతోనూ, ఆ బలానికున్న ముకుతాడుతోనూ.

మరి మా చిన్నోడి సీసా ఏం పెంచుతుంది? పళ్ళేన్నా, చెయ్యినా, ముకుతాడునా? పెంచకపోతే డబ్బు దండగ. నిజంగానే పెంచితే అంతకంటే ప్రమాదం. ఊరికే బెదిరించడం లేదు. 2006 మార్చిలో లండన్‌లో ఆరుగురు కుర్రాళ్ళు, ఏ జబ్బూ లేనివాళ్ళు, డబ్బు కోసం కొత్త మందు పరీక్షకి ఒప్పుకున్నారు. ఆ మందు సీడీ28ని జాతకంతో పని లేకుండా నేరుగా లాగి లేపేది. జంతువుల్లో భద్రమని తేలిన మోతాదులో ఐదొందలో వంతే ఇచ్చినారు. కొన్ని గంటల్లో ఆరుగురికీ అవయవాలు ఒకటి తర్వాత ఒకటి పడిపోయినాయి. అందరూ బతికినారు, ఒకడికి కాలివేళ్ళు పోయినాయి. రెండు మూతల కషాయంతో అంత జరగదులే గాని, ‘బూస్టర్’ అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఆ ఆరుగురు గుర్తొస్తారు.

అయితే నిజం కూడా చెప్పాల. ఈ పొరపాటు మా రోజుల్లోనిదే. పద్దెనిమిది, ఇరవై మిల్లీమీటర్ల వాపు చూసి “అబ్బా, గట్టి ఒళ్ళురా” అని నేనే ఎంతమంది భుజం తట్టినానో. 1890లో రాబర్ట్ కోఖ్ అంతటోడు ఆ ట్యూబర్‌క్యులిన్నే క్షయకి మందని ప్రకటించి, రోగుల ఒళ్ళు మండించి, కొందరి ప్రాణాలు పోయినాక తలదించుకున్నాడు. వాపు సత్తువ కాదు. మదనపల్లె లెక్కల్లో టీకా ఆశించినంత కాపాడలేదు. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఇంకా పెద్ద ఎత్తున మొదలుపెట్టిన పరీక్షలో టీకా వేసినాక వాపులు బ్రహ్మాండంగా వచ్చినాయి, పెద్దోళ్ళలో ఊపిరితిత్తుల క్షయ మాత్రం తగ్గలేదు. పసిపిల్లల్లో మెదడుకి పట్టే క్షయని ఆపుతుంది, అందుకే ఇప్పటికీ పుట్టగానే వేస్తారు, వేయించుకోవాల. శానిటోరియం కూడా అంతే. మద్రాసులో 1956లో మొదలుపెట్టిన పరీక్షలో ఇంట్లో ఉంచి మాత్రలిచ్చినా ఆస్పత్రి పడకంత బాగానే నయమవుతుందని 1959లో తేల్చినారు. మా గురువు ఆ వార్త విని రెండు రోజులు మాట్లాడలేదని చెప్పుకునేవాళ్ళు.

ఇప్పటివాళ్ళల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది ఒకటుంది. పీడీ-1 మందు ఖరీదు లక్షల్లో. మన గుట్కా, బీడీ నోటి క్యాన్సర్లకి అంత పెట్టగలిగేదెవరు? ముంబై టాటా ఆస్పత్రి డాక్టర్లు మామూలు మోతాదులో పదో వంతు కూడా కాకుండా, మూడు వారాలకొకసారి ఇరవై మిల్లీగ్రాములే వేరే మందులతో కలిపి ఇచ్చి చూసినారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్ళు వందకి పదహారు నుంచి నలభై మూడుకి పెరిగినారు. 2022లో అచ్చయింది. మా కాలం మనుషుల పొదుపు ఇంకా ఎక్కడో బతికే ఉంది.

ఇప్పుడు నా ఇంటి గొడవ. మా ఇంటామెకి పన్నెండేళ్ళుగా కీళ్ళవాతం, రుమటాయిడ్. పొద్దున లేస్తే గంటసేపు వేళ్ళు ముడవవు. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికొకసారి. అది మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన ల్యాబు నుంచి వచ్చిన మందే. క్యాన్సరుకని చేసినారు, కీళ్ళకి కూడా పనికొచ్చింది. ఇప్పుడది చాలడం లేదు. బెంగుళూరులో డాక్టరు కొత్త ఇంజెక్షన్ రాసినాడు, అబాటసెప్ట్. పాపని అడిగితే, సీటీఎల్ఏ-4 తలకాయ కోసి యాంటీబాడీ తోకకి కుట్టినారంట. అది పోయి పేరయ్య తాంబూలం పళ్ళెం మీద మూతలా బోర్లా పడుకుంటుంది. చెయ్యి చాపిన టీ కణానికి పళ్ళెం అందదు. కీళ్ళని కొరికే గుంపు తగ్గుతుంది. 2005లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు. మిగతా ఇంజెక్షన్లతో పోలిస్తే దీంట్లో క్షయ లేచే ముప్పు తక్కువంటారు. అయినా డాక్టరు మంచోడు, “ముందు మాంటూ చేయించుకుని రాండి” అన్నాడు.

ఒక ల్యాబులో చేయించినాం. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. సూది వేసిన పిల్ల అక్కడిదాకా బాగానే వేసింది, బుడ్డ లేచింది, నేను చూసినాను. “మూడో రోజు మళ్ళీ రానక్కర్లేదు అంకుల్. చెయ్యి ఫోటో తీసి వాట్సప్‌లో పెట్టండి, రిపోర్టు పంపిస్తాం” అంది. నేను విననట్టు ఊరుకున్నాను. మూడో రోజు మా చిన్నోడు ఫోటో తీసి పెట్టినాడు. పదినిమిషాల్లో రిపోర్టు వచ్చేసింది: ఎర్రదనం లేదు, నెగటివ్.

మా ఇంటామెది నల్లటి ఒళ్ళు. కళ్ళం ఎండలో కాగిన ఒళ్ళు. ఆ చర్మం మీద ఎరుపు ఎట్లా కనపడుతుంది తల్లీ? సాయంత్రం వసారాలో కూర్చోబెట్టి, బీరువాలో గుడ్డలో చుట్టి దాచిన పాత స్కేలు తీసినాను. అంచులు పసుపు పట్టినాయి, అంకెలు ఇంకా ఉన్నాయి. చెయ్యి కొంచెం మడిచి పట్టుకోమన్నాను. వేలు కొసతో బయటినుంచి జరుపుకుంటా వచ్చినాను. ఆగింది. గీత పెట్టినాను. రెండోవైపు నుంచి ఆగింది. గీత పెట్టినాను. “చక్కిలిగింతగా ఉండాది, ఎన్నిసార్లు చూస్తావు” అని కసిరింది. నాలుగుసార్లు కొలిచినాను. పన్నెండు మిల్లీమీటర్లు.

మరుసటి రోజు చెయ్యి మీద పెన్ను గీతలతోనే కుప్పం నుంచి రైలెక్కి బెంగుళూరు పోయినాం. డాక్టరు తనూ వేలు పెట్టి చూసినాడు, నా మొహం చూసినాడు, “ఎక్కడ నేర్చుకున్నారు?” అన్నాడు. “మదనపల్లెలో” అన్నాను. ఛాతీ ఎక్స్‌రే తీయించి, కళ్ళె పరీక్ష చేయించి, జబ్బు లేదని తేలినాక, నిద్రపోతున్న క్రిమికి మందు రాసినాడు. ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్, వారానికి ఒక్కసారి, పన్నెండు వారాలు. మధ్యలో లివరు పరీక్షలు. ఇంజెక్షన్ సంగతి ఆ తర్వాత. ఈ ఆదివారానికి తొమ్మిది వారాలయినాయి. చిన్నోడు తెచ్చిన సీసాలో ఇప్పుడు చింతపండు రసం పోసి పెట్టుకుంది.

కీళ్ళకో, క్యాన్సరుకో, పేగులకో ఇట్లాంటి కొత్త ఇంజెక్షన్లు మొదలుపెట్టేవాళ్ళు ఒక్క పని చేయండి. ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా క్షయ వచ్చి ఉంటే డాక్టరుకి చెప్పండి, సిగ్గుపడొద్దు. మాంటూ వేయించుకుంటే మూడో రోజు ఫోటో పంపొద్దు, చెయ్యి తీసుకుని మీరే పోండి. వేలు పెట్టి చూడమని అడగండి. చూడటం చేతకాకపోతే మా ఇంటికి రాండి. పుంగనూరు బస్టాండులో దిగి టీకాలాయన ఇల్లేదని అడిగితే ఎవరైనా చెబుతారు. స్కేలు నా దగ్గర ఉంది.